సముద్రం మీద ఎగిరే విమానం ఎవరిది? వాయుసేన, నౌకాదళం పోటీతో తీరానికి జరిగే లాభనష్టాలేంటి

చిప్పగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లకు సముద్రం చూడాలంటే దాదాపు రాష్ట్రం మొత్తం దాటాలి. అలా విశాఖపట్నం వెళ్లినవాళ్లు ఆర్‌కే బీచ్‌లో తప్పకుండా ఆగే చోటు ఒకటుంది. రోడ్డుకు ఒకవైపు కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఎదురుగా నాలుగు ఇంజిన్ల పెద్ద విమానం కనిపిస్తాయి. ఆ విమానం పేరు టీయూ-142. రష్యాలో తయారైంది. 1988 నుంచి 2017 వరకు మన సముద్రాలపై నిఘా కాసింది. 2017 డిసెంబరులో దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు.

దాని ముందు సెల్ఫీ దిగే చాలామందికి ఒక సందేహం వస్తుంది. విమానం అంటే వాయుసేనది కదా, దీని మీద నౌకాదళం పేరు ఎందుకుంది?

ఈ ప్రశ్న మీద రెండు దళాల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. మన దేశంలోనే కాదు, బ్రిటన్‌లో, అమెరికాలో, ఇటలీలో, బ్రెజిల్‌లో కూడా ఇదే గొడవ. దాని ఫలితం కొన్నిసార్లు యుద్ధంలో ప్రాణనష్టంగా కనిపించింది. మూడో విమానవాహక నౌక కొనాలా, త్రివిధ దళాలను ఉమ్మడి థియేటర్ కమాండ్ల కిందికి తేవాలా అన్న నేటి చర్చల వెనక కూడా ఉన్నది అదే ప్రశ్న.

అసలు ఆ వివాదమేంటి? ఆంధ్రప్రదేశ్ తీరానికి దానితో సంబంధమేంటి?

నౌకాదళానికి సొంత విమానాలు ఎందుకు?

సముద్రం మీద నౌకలోని రాడార్‌కు ఒక పరిమితి ఉంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దిగంతానికి అవతల, నీటిని ఆనుకుని వచ్చే శత్రు నౌకనో, క్షిపణినో అది ముందుగా చూడలేదు. అదే రాడార్‌ను విమానంలో పెట్టి పైకి పంపితే వందల కిలోమీటర్ల దూరం కనిపిస్తుంది. ఇక నీటి కింద దాక్కున్న జలాంతర్గామిని వెతకడం మరీ కష్టం. విమానం నుంచి నీటిలోకి సోనోబాయ్‌లు అనే చిన్న పరికరాలు వదులుతారు. అవి నీటి కింది శబ్దాలను విని విమానానికి పంపుతాయి. వాటిని బట్టి జలాంతర్గామి ఎక్కడుందో సిబ్బంది అంచనా వేస్తారు.

ఈ పని చేసేవాళ్లకు విమానం నడపడం వస్తే సరిపోదు. ఏ నౌక ఏ దేశానిదో ఆకారం చూసి గుర్తుపట్టాలి. నీటి కింద శబ్దం ఎలా ప్రయాణిస్తుందో తెలియాలి. కింద ఉన్న సొంత నౌకలతో ఒకే భాషలో మాట్లాడాలి. అందుకే ఈ విమానాలు, సిబ్బంది తమ కిందే ఉండాలని నౌకాదళాలు అంటాయి.

వాయుసేన వాదన కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. యుద్ధవిమానాలు ఖరీదైనవి, ఎప్పుడూ కొరతే. వాటిని ముక్కలుగా పంచితే ఎవరి దగ్గరా సరిపడా ఉండవు. ఒకే దళం కింద ఉంటే ఈ రోజు సముద్రం మీద, రేపు కొండల మీద, ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపొచ్చు. శిక్షణ, మరమ్మతులు, విడిభాగాల ఖర్చు కూడా తగ్గుతుంది.

వినడానికి రెండూ సబబుగానే ఉన్నాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, విమానాలు తక్కువగా ఉన్నప్పుడు. ఏ దళం చేతిలో ఉంటే ఆ దళం అవసరాలే జాబితాలో ముందుంటాయి. రెండో దళం పని అడుగుకు పోతుంది.

బ్రిటన్‌లో ఏం జరిగింది?

ఈ వివాదానికి పుట్టిల్లు బ్రిటన్. 1918 ఏప్రిల్ 1న అక్కడ సైన్యం, నౌకాదళాల విమాన విభాగాలను కలిపి రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పాటు చేశారు. ప్రపంచంలోనే పెద్ద నౌకాదళ విమాన విభాగం, సుమారు 55 వేల మంది సిబ్బంది సహా, ఒక్కరోజులో నౌకాదళం చేయి దాటిపోయింది. విమానవాహక నౌకలు నౌకాదళానివి, వాటి మీద విమానాలు వాయుసేనవి అన్నట్టు తయారైంది పరిస్థితి.

నగరాలపై బాంబులు వేసే విమానాల మీద దృష్టి పెట్టిన వాయుసేనకు నౌకల మీది విమానాలు పెద్ద పట్టింపు కాలేదు. ఇలా దాదాపు 20 ఏళ్లు గడిచాయి. 1937లో మంత్రి థామస్ ఇన్‌స్కిప్ నౌకల మీది విమానాలను తిరిగి నౌకాదళానికి ఇవ్వాలని తేల్చారు. అది పూర్తిగా అమలయ్యేసరికి 1939 మే నెల వచ్చింది. నాలుగు నెలల్లో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. అప్పటికి బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉన్న ప్రధాన దాడి విమానం స్వోర్డ్‌ఫిష్. రెక్కలకు గుడ్డ తొడిగిన, రెండంతస్తుల రెక్కల పాతకాలపు విమానం అది. 1940 నవంబరులో ఇటలీలోని టరాంటో రేవుపై ఆ విమానాలతోనే సాహసం చేసి గెలిచారు. కానీ అమెరికా, జపాన్ నౌకాదళాలకు అప్పటికే ఆధునిక విమానాలున్నాయి.

తీరం నుంచి ఎగిరే నిఘా విమానాలు మాత్రం వాయుసేన దగ్గరే ఉండిపోయాయి. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు సరుకు నౌకలను ముంచుతుంటే, సముద్రం మధ్యకు చేరగల దూరశ్రేణి లిబరేటర్ విమానాలు చాలినన్ని దొరకలేదు. బాంబింగ్‌కే ప్రాధాన్యం దక్కింది. విమానాలు చేరలేని ఆ మధ్య ప్రాంతం జలాంతర్గాములకు వేటస్థలమైంది. 1943 వసంతానికి గానీ ఆ ఖాళీ పూడలేదు.

అక్కడితో ఆగలేదు. 1966లో బ్రిటన్ కొత్తగా కట్టబోయే పెద్ద విమానవాహక నౌక సీవీఏ-01ను రద్దు చేసింది. దీవుల్లోని స్థావరాల నుంచి ఎగిరే ఎఫ్-111 విమానాలతో ఆ పని చేస్తామన్నది వాయుసేన వాదన. రెండేళ్లకే, 1968 జనవరిలో, ఆ ఎఫ్-111 కొనుగోలు కూడా రద్దయింది. నౌకా లేదు, విమానమూ లేదు.

1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధం వచ్చింది. దగ్గర్లో స్థావరం లేదు. ఎగిరే రాడార్ విమానాలను మోసే పెద్ద నౌక అప్పటికే సేవల నుంచి తప్పుకుంది. రెండు చిన్న వాహక నౌకలు, కొద్దిపాటి సీ హారియర్‌లతో వెళ్లారు. మే 4న తక్కువ ఎత్తులో వచ్చిన అర్జెంటీనా విమానాలు వదిలిన ఎక్సోసెట్ క్షిపణి షెఫీల్డ్ అనే నౌకను తాకింది. 20 మంది చనిపోయారు. పైన కాపలా రాడార్ విమానం ఉండి ఉంటే ముందే పసిగట్టే అవకాశం ఉండేదని ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. ఆ యుద్ధంలో పాల్గొన్న హెర్మీస్ నౌకనే మనం కొని 1987లో ఐఎన్ఎస్ విరాట్‌గా మార్చుకున్నాం.

మిగతా దేశాల సంగతి?

అమెరికాలో 1947లో వాయుసేన విడి దళమైంది. రెండేళ్లలోనే గొడవ ముదిరింది. అణుబాంబులు మోసే బీ-36 విమానాలుండగా పెద్ద నౌకలు దండగ అన్న వాదన గెలిచి, 1949 ఏప్రిల్‌లో యునైటెడ్ స్టేట్స్ అనే విమానవాహక నౌక నిర్మాణం మొదలైన అయిదు రోజులకే ఆగిపోయింది. నౌకాదళ మంత్రి రాజీనామా చేశారు. బహిరంగంగా వ్యతిరేకించిన నౌకాదళాధిపతి పదవి పోగొట్టుకున్నారు. దీన్నే 'అడ్మిరళ్ల తిరుగుబాటు' అంటారు. ఏడాది తిరిగేసరికి కొరియా యుద్ధం వచ్చింది. దగ్గరి విమానాశ్రయాలు శత్రువు చేతుల్లోకి పోతుంటే వాహక నౌకల మీది విమానాలే అక్కరకొచ్చాయి. పెద్ద నౌకల నిర్మాణం మళ్లీ మొదలైంది.

ఇటలీ 1985లో గారిబాల్డీ అనే వాహక నౌకను సేవలోకి తెచ్చింది. విమానాలు పైకి లేవడానికి ముందు భాగంలో వంపు కూడా కట్టారు. కానీ రెక్కల విమానాలు నడిపే హక్కు చట్టప్రకారం వాయుసేనదే. 1989లో చట్టం మారేదాకా ఆ నౌక మీద హెలికాప్టర్లే తిరిగాయి.

బ్రెజిల్‌లో మరో రకం రాజీ. 1965లో ప్రభుత్వం హెలికాప్టర్లు నౌకాదళానికి, రెక్కల విమానాలు వాయుసేనకు అని పంచింది. నౌక ఒకరిది, దాని మీద దిగే విమానం మరొకరిది. 1998లో గానీ నౌకాదళానికి మళ్లీ రెక్కల విమానాలు నడిపే అనుమతి రాలేదు.

మన దేశంలో వివాదం ఎప్పుడు మొదలైంది?

భారత నౌకాదళ విమాన విభాగం 1953 మేలో కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడ స్థావరంతో మొదలైంది. 1961లో విమానవాహక నౌక విక్రాంత్ వచ్చింది. దాని మీది సీ హాక్, అలిజే విమానాలు మొదటి నుంచీ నౌకాదళానివే. ఈ విషయంలో బ్రిటన్ చేసిన పొరపాటు మనం చేయలేదు.

కానీ తీరం నుంచి ఎగిరి సముద్రంలో వేల కిలోమీటర్లు చుట్టివచ్చే నిఘా విమానాలు మాత్రం వాయుసేన దగ్గరే ఉన్నాయి. 1968 వరకు రెండో ప్రపంచయుద్ధం నాటి లిబరేటర్లు ఆ పని చేశాయి. తర్వాత ఎయిరిండియా వాడి వదిలేసిన సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలు వచ్చాయి. అవి మొదట ప్రయాణికుల విమానాలు. సముద్రం మీద ఎక్కడ వెతకాలో నౌకాదళానికి తెలుసు, విమానం మాత్రం వాయుసేన పంపాలి.

1971 యుద్ధం ఈ లోటును బయటపెట్టింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అండమాన్ దీవుల దగ్గర దాచి, అది విశాఖ వైపే ఉన్నట్టు నమ్మించింది మన నౌకాదళం. డిసెంబరు 3-4 అర్ధరాత్రి విశాఖ రేవు బయట ఘాజీ మునిగింది. అందులోని 90 మందికి పైగా సిబ్బంది చనిపోయారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని భారత్ చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, మందుపాతర వల్లనో జరిగిందని పాకిస్తాన్ అంటుంది. కారణం ఏదైనా, శత్రు జలాంతర్గామి విశాఖ ముంగిట దాకా రాగలిగిందన్నది నిజం.

పశ్చిమాన అదృష్టం కలిసిరాలేదు. డిసెంబరు 9న హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మన ఖుక్రీ నౌకను ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. తర్వాత ఎంత గాలించినా హంగోర్ దొరకలేదు. తప్పించుకుని కరాచీ చేరింది.

ఖుక్రీ మునకకు నిఘా విమానాల పంపకమే కారణమని చెప్పడం సరికాదు. నౌకల్లోని పరికరాల లోపాలు, వ్యూహం, ఇంకా చాలా ఉన్నాయి. అయితే జలాంతర్గాములను ఆకాశం నుంచి వేటాడే శక్తి మనకు తక్కువన్నది మాత్రం ఆ యుద్ధంతో అందరికీ అర్థమైంది.

1976లో ఏం మారింది?

యుద్ధం ముగిసిన అయిదేళ్లకు, 1976లో, సముద్ర నిఘా బాధ్యతను ప్రభుత్వం వాయుసేన నుంచి నౌకాదళానికి మార్చింది. సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలు గోవాలోని నౌకాదళ స్థావరానికి చేరాయి. వాటితో ఐఎన్ఏఎస్ 312 అనే స్క్వాడ్రన్ మొదలైంది. పాత విమానాలే, కానీ ఇప్పుడు వాటికి ఒకటే పని. సముద్రం.

ఆ తర్వాత మార్పు వేగంగా కనిపించింది.

• 1977లో సోవియట్ యూనియన్ నుంచి ఇల్యూషిన్-38 విమానాలు వచ్చాయి. జలాంతర్గాముల వేటకే తయారైనవి ఇవి. 2023 దాకా పనిచేశాయి.

• 1988లో ఎనిమిది టీయూ-142లు గోవాలో దిగాయి. 1992లో చెన్నైకి పశ్చిమాన అరక్కోణంలో ప్రారంభమైన ఐఎన్ఎస్ రాజాలి స్థావరానికి అవి మారాయి. బంగాళాఖాతం మీద నిఘాకు తూర్పు తీరంలో స్థిరమైన చోటు దొరికింది.

• 2013 మేలో అమెరికా తయారీ పీ-8ఐ విమానాలు రావడం మొదలైంది. ఇప్పుడు మొత్తం 12 ఉన్నాయి. అరక్కోణంలోనూ గోవాలోనూ వాటి స్క్వాడ్రన్లు ఉన్నాయి.

సూపర్ కాన్‌స్టలేషన్లతో పుట్టిన 312 స్క్వాడ్రనే తర్వాత టీయూ-142లను నడిపింది, ఇప్పుడు పీ-8ఐలను నడుపుతోంది. విమానాలు మూడు తరాలు మారినా సిబ్బంది అనుభవం ఒకేచోట పోగుపడుతూ వచ్చింది. 1976 నిర్ణయం వల్ల కలిగిన అసలు లాభం ఇదే.

దీనికి ఒక కొసమెరుపు కూడా ఉంది. 2017లో డోక్లాం ప్రతిష్టంభన సమయంలోనూ, 2020లో లద్దాఖ్ ఉద్రిక్తతల్లోనూ చైనా సైన్యం కదలికలు చూడటానికి పీ-8ఐలను ఉపయోగించారు. సముద్రం కోసం నౌకాదళం కొన్న విమానం హిమాలయాల్లో సైన్యానికి కళ్లయింది. విమానం ఒక దళం చేతిలో ఉంటే రెండో దళానికి అందదన్న భయం అన్ని వేళలా నిజం కాదని ఇది చూపించింది.

తెలుగు రాష్ట్రాలకు దీనితో సంబంధమేంటి?

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖపట్నం. అక్కడి నౌకాదళ విమాన స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ. 1991లో ప్రారంభమైంది. డేగ అన్నది మన తెలుగు మాటే. డోర్నియర్ నిఘా విమానాలు, హెలికాప్టర్లు ఇక్కడి నుంచి ఎగురుతాయి. యుద్ధవిమాన పైలట్ల శిక్షణకు వాడే హాక్ జెట్‌లు 2013లో నౌకాదళంలో చేరింది కూడా ఇక్కడే.

విశాఖ నుంచి విమానం ఎక్కినవాళ్లంతా ఈ స్థావరాన్ని వాడుకున్నవాళ్లే. నగరానికి ఏళ్ల తరబడి ఉన్న విమానాశ్రయం నౌకాదళ రన్‌వే మీదే నడిచింది. నౌకాదళ విమానాలు ఎగిరే వేళల్లో పౌర విమానాలకు సమయాలు పరిమితం కావడం, దానిపై ప్రయాణికుల ఫిర్యాదులు నగరవాసులకు కొత్త కాదు. భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టడానికి ఇది ఒక కారణం. అంటే వనరు ఒకటే అయినప్పుడు ఎవరి పని ముందు అన్న ప్రశ్న దళాల మధ్యే కాదు, దళానికీ పౌరులకూ మధ్య కూడా వస్తుందన్నమాట.

తెలంగాణలో దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. అది వాయుసేన సంస్థ. అక్కడ శిక్షణ పూర్తిచేసి వింగ్స్ అందుకునేవాళ్లలో నౌకాదళ, కోస్ట్ గార్డ్ అధికారులు కూడా ఉంటారు. పైలట్ శిక్షణ కలిసి, ఆ తర్వాత పని విడివిడిగా అన్న పద్ధతి ఇక్కడ చాలాకాలంగా సాఫీగా నడుస్తోంది.

విశాఖ మరచిపోలేని మరో సంఘటన ఉంది. 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. విమానం వాయుసేనది. వెతకడానికి వెళ్లిన వాటిలో నౌకాదళ పీ-8ఐలు, డోర్నియర్లు, యుద్ధనౌకలు, జలాంతర్గామి, కోస్ట్ గార్డ్ నౌకలు, విమానాలు ఉన్నాయి. మూడు దళాలూ కలిసి గాలించినా అప్పట్లో ఆచూకీ దొరకలేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించినట్టు రక్షణశాఖ ప్రకటించింది. వాటిని కనిపెట్టింది జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత పరికరం.

సముద్రం మీద ఆపద వచ్చినప్పుడు ఏ ఒక్క దళం సరిపోదని ఆ కుటుంబాల నిరీక్షణ చెబుతుంది.

ఇప్పుడు ఎవరి దగ్గర ఏముంది?

1976 తర్వాత పని ఇలా పంచుకున్నారు.

• నౌకాదళం: విమానవాహక నౌకలు విక్రమాదిత్య, కొత్త విక్రాంత్, వాటి మీది మిగ్-29కే జెట్‌లు, పీ-8ఐ, డోర్నియర్ నిఘా విమానాలు, ఎంహెచ్-60ఆర్ వంటి హెలికాప్టర్లు.

• వాయుసేన: తీరం నుంచి ఎగిరి నౌకలపై దాడి చేసే జాగ్వార్‌లు. 2020 జనవరిలో తంజావూరులో మొదలైన సుఖోయ్-30 స్క్వాడ్రన్. దీని విమానాలు బ్రహ్మోస్ క్షిపణిని మోయగలవు.

• కోస్ట్ గార్డ్: తీరానికి దగ్గర్లో గస్తీ, మత్స్యకారుల రక్షణ, గాలింపు.

అంటే సముద్రాన్ని చూసే పని ప్రధానంగా నౌకాదళానిది. సముద్రం మీద కొట్టే పని మాత్రం ఇద్దరిదీ. ఇప్పటి పోటీ అంతా ఈ రెండో దాని చుట్టూనే.

మూడో విమానవాహక నౌక మీద గొడవేంటి?

ఒక నౌక మరమ్మతుల్లో ఉన్నా అటు అరేబియా సముద్రంలో, ఇటు బంగాళాఖాతంలో చెరొకటి ఉండాలంటే మొత్తం మూడు కావాలన్నది నౌకాదళం లెక్క. 1965 యుద్ధంలో విక్రాంత్ మరమ్మతుల్లో ఉండి పోరులో దిగలేదన్న అనుభవం దానికి ఉంది.

అవతలి వాదన ఇది. నౌక, దాని మీది విమానాలు, చుట్టూ కాపలా నౌకలు కలిపితే భారీ ఖర్చు. దూరశ్రేణి క్షిపణుల కాలంలో అంత పెద్ద నౌకను కాపాడుకోవడం కష్టం. గాలిలో ఇంధనం నింపుకునే సుఖోయ్‌లు తీరం నుంచీ, అండమాన్ నుంచీ ఆ పని చేస్తాయి. తొలి సీడీఎస్ జనరల్ బిపిన్ రావత్ 2020 ఫిబ్రవరిలో జలాంతర్గాములకే ప్రాధాన్యం ఇవ్వాలన్న అభిప్రాయం చెప్పారు. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్ మూడో నౌక అవసరమనే గట్టిగా వాదించారు. ఆయన అంతకుముందు విశాఖలో తూర్పు నౌకాదళాన్ని నడిపినవారు. రక్షణ బడ్జెట్‌లో నౌకాదళం వాటా 2012-13లో 18 శాతం ఉండగా 2019-20కి 13 శాతానికి పడిపోయిందని 2019 డిసెంబరులో ఆయనే చెప్పారు.

దూరం లెక్క ఒకసారి చూద్దాం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి గంటన్నర పడుతుంది. తిరిగి రావడానికి మరో గంటన్నర. ఈలోగా అక్కడ గస్తీ తిరగాలంటే గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్ కావాలి. ఒక జట్టు తిరిగొచ్చేలోపు మరో జట్టు బయల్దేరాలి. నౌక దగ్గర్లో ఉంటే నిమిషాల్లో విమానం పైన ఉంటుంది. కానీ ఆ నౌక సరైన సమయానికి అక్కడ ఉండాలి, దాని మీద చాలినన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉండాలి.

వాయుసేన ఇబ్బంది కూడా చిన్నది కాదు. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట, 2025 సెప్టెంబరులో మిగ్-21లు తప్పుకున్నాక 29 మిగిలాయి. రెండు సరిహద్దులను చూసుకోవాల్సిన దళం సముద్రానికి ఎన్ని విమానాలు కేటాయించగలదన్నది ప్రశ్న.

అన్నిటికీ పోటీయే కారణమా?

కాదు. నౌకాదళ విమాన విభాగం కష్టాల్లో చాలావాటికి దళాల గొడవతో సంబంధం లేదు.

మిగ్-29కే విమానాలు మొత్తం 45 కొన్నారు. అవసరమైనప్పుడు ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 నుంచి 38 శాతం మధ్యే ఉన్నట్టు 2016లో కాగ్ నివేదిక తేల్చింది. అది నాణ్యత, విడిభాగాల సమస్య. దేశీయ తేజస్ నౌకాదళ నమూనా 2020 జనవరిలో విక్రమాదిత్య మీద విజయవంతంగా దిగింది. అయినా నౌక అవసరాలకు అది సరిపోదని నౌకాదళం 2016లోనే చెప్పింది. జలాంతర్గాములను వేటాడే హెలికాప్టర్ల కొరత ఏళ్ల తరబడి సాగింది. 24 ఎంహెచ్-60ఆర్‌ల ఒప్పందం 2020లో గానీ కుదరలేదు.

పోటీ లేనిచోట లాభం ఎలా ఉంటుందో చెప్పే తాజా ఉదాహరణ కూడా ఉంది. వాయుసేన 36 రఫేల్ విమానాలు కొన్న తర్వాత, 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం 26 రఫేల్ మెరైన్ విమానాలకు సుమారు రూ. 63 వేల కోట్లతో ఒప్పందం జరిగింది. రెండు దళాలూ ఒకే కుటుంబానికి చెందిన విమానం వాడితే శిక్షణలో, మరమ్మతుల్లో, ఆయుధాల్లో కలిసొస్తుంది. విమానం ఎవరిదన్న గొడవ లేకుండానే ఖర్చు పంచుకోవచ్చు.

థియేటర్ కమాండ్లతో ఈ గొడవ తీరుతుందా?

2020 జనవరి 1న సీడీఎస్ పదవి వచ్చింది. ఒక ప్రాంతంలోని సైన్యం, నౌకాదళం, వాయుసేన బలగాలన్నీ ఒకే కమాండర్ కింద పనిచేసేలా థియేటర్ కమాండ్లు ఏర్పాటు చేయాలన్నది లక్ష్యం. సముద్రాలకు ఒక మారిటైమ్ థియేటర్ కమాండ్ ఆలోచన ఉంది. 2001 నుంచి పనిచేస్తున్న అండమాన్ నికోబార్ కమాండ్ దీనికి తొలి నమూనా. వేర్వేరు దళాల సిబ్బంది మీద ఉమ్మడి కమాండర్‌కు క్రమశిక్షణ అధికారాలిచ్చే చట్టం 2023లో వచ్చింది, 2024 మేలో అమల్లోకి వచ్చింది.

వాయుసేనకు ఇక్కడే అభ్యంతరాలున్నాయి. 2021 జులైలో జనరల్ రావత్ వాయుసేనను సహాయక దళంగా అభివర్ణించినప్పుడు అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా అదేరోజు విభేదించారు. 2025 ఆగస్టులో మావ్‌లో జరిగిన సదస్సులో వాయుసేనాధిపతి ఏపీ సింగ్ తొందరపడొద్దన్నారు. నౌకాదళాధిపతి అడ్మిరల్ త్రిపాఠి ఉమ్మడి కమాండ్లే తమ అంతిమ లక్ష్యమన్నారు. వందేళ్ల కిందటి బ్రిటన్ వాదనే కొత్త మాటల్లో వినిపిస్తోంది.

కమాండర్ ఒక్కరే అయినంత మాత్రాన విమానాలు పెరగవు. సముద్ర కమాండర్ కింద ఎన్ని సుఖోయ్‌లు శాశ్వతంగా ఉంటాయి? ఉత్తరాన యుద్ధం వస్తే వాటిని వెనక్కి తీసుకునే అధికారం ఎవరిది? ఆ పైలట్లు ఏడాదికి ఎన్ని గంటలు సముద్రం మీద శిక్షణ పొందాలి? కాగితం మీద ఈ మూడింటికీ జవాబు లేకపోతే, కొత్త పేరు కింద పాత గొడవే కొనసాగుతుంది.

చివరిగా మనం చూడాల్సినవి ఏంటి?

ఇన్ని దేశాల అనుభవంలో తేలేది ఒకటే. విమానం ఏ దళానిది అన్నదానికంటే, సముద్రం మీద పని ఎవరి మొదటి బాధ్యత అన్నది ముందు తేలాలి. బ్రిటన్‌లో అది ఎవరి మొదటి పనీ కాకపోవడంతో దెబ్బతింది. మన దగ్గర 1976లో ఒకరికి అప్పజెప్పాక పనితనం పెరిగింది. ఆ తర్వాత అదే విమానం పక్క దళానికీ పనికొచ్చింది.

అందుకే ఇకపై మూడో నౌక గురించో, థియేటర్ కమాండ్ గురించో వార్త కనిపిస్తే, ఏ దళం గెలిచిందని కాకుండా రెండు విషయాలు చూడండి. సముద్రం మీది పనికి విమానాలు ఎన్ని కేటాయించారు? అవి వేరే అవసరానికి మళ్లితే ఆ ఖాళీని ఎవరు పూడుస్తారు? సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్రా తీరానికి, అక్కడ వేటకు వెళ్లే మత్స్యకారులకు, రేవుల మీద ఆధారపడిన వ్యాపారానికి అవసరమైన సమాధానాలు అవే. దీనికయ్యే ఖర్చు తీరంలోని వాళ్లదే కాదు, చిప్పగిరిలో కిరాణా కొట్టులో పన్ను కట్టేవాళ్లది కూడా.

ఈసారి బీచ్ రోడ్డులో టీయూ-142 ముందు నిలబడినప్పుడు దాని రెక్కల కింద నుంచి ఎదురుగా ఉన్న సముద్రం వైపు చూడండి. 1971 డిసెంబరులో ఘాజీ మునిగింది ఆ నీళ్లలోనే.